ఒంటిచెవిది ఉత్త కడుపుతోని పోయిన దినం

మా దిక్కు కోతి చచ్చిపోతే పాడె కడ్తరు. కరెంటు తీగ తగిలి రోడ్డు మీద పడ్డదాన్ని గూడ చూసి దాటిపోరు. నలుగురు కూడి, పసుపు కుంకుమ చల్లి, డప్పులతోని తీసుకపోయి బొంద పెడ్తరు. దశదినం చేసి అన్నాలు పెట్టిన ఊళ్ళున్నయి. రామయ్య గుడికి దగ్గర బతికేటోళ్ళం, హనుమంతుని జాతికి చెయ్యి అడ్డం పెట్టొద్దని పుట్టినకాడికెళ్ళి ఇనుకుంట పెరిగినోళ్ళం. గసొంటి ఊళ్ళ పుట్టిన నేను చేసిన కొలువేందంటే, కోతుల మెదడు కోసి చూసే సెంటర్ల, ఆ కోతులకు మేత పెట్టుడు.

పెండ్లిళ్ళల్ల ఎవరన్న ఏం పని వదినె అంటే కోతులకు బువ్వ పెడ్త అనేదాన్ని. నవ్వేటోళ్ళు. సత్తుపల్లి దిక్కు చుట్టం ఒకామె, మా ఇంటి మీద పెంకు ఒక్కటి ఉంచుతలేవు, వాటిని గూడ మీ కొలువుల పెట్టుకోండమ్మా అన్నది. నేను గూడ నవ్వి ఊకున్న. బువ్వ పెట్టినంక ఏం చేస్తరని అడిగినోళ్ళు తక్కువ. అడిగితే నీళ్ళు తాగొస్తనని లేసిపోయేదాన్ని.

ఇప్పుడు పింఛను తీసుకుంట ఇంటి కాడ కూసున్న. ఇసొంటి సెంటర్లల్ల కొత్తగ చేరే పిల్లలు ఒకరిద్దరు వచ్చి, పెద్దమ్మా నువ్వు మస్తు చూసినవు గదా, చెప్పు అంటరు. నేను ఐదో తరగతి కాడ బడి ఇడిసినదాన్ని. పుస్తకం మాటలు రావు. కండ్లతోని చూసింది మాత్రం మరువ. ఒక్క సంగతి చెప్త.

మా సెంటరు భద్రాచలం పోయే రోడ్డుకెళ్ళి లోపలికి, టేకు చెట్లు మొదలయ్యే కాడ ఉండేది. ముందల పామాయిలు తోటలు, వరి మడులు, వెనుక అడవి. గోడ మీద అడవి కోతులు కూసునేటివి, ఇనుప జాలీల లోపల మా కోతులు. మావి అడవిల పట్టినవి కావు, ఆడనే పుట్టి పెరిగినయి. ఒక్కోసారి రెండు దిక్కులవి ఒకదాన్నొకటి ఊకె చూసుకుంట కూసునేటివి. గప్పుడు నాకు చీపురు పని గుర్తుకొచ్చేది.

పని పెద్ద డాక్టరమ్మది. మందులిచ్చే డాక్టరు కాదు, మెదడు మీద చదువుకున్నామె. కృష్ణా జిల్లా మాట. నేను చేరిన కొత్తల ఒకనాడు అడిగిన, ఇంతకు మీరు ఎతికేది ఏందమ్మా అని. ఆమె నన్ను కిటికీ కాడికి తీసుకపోయి బయట పొలాలు చూపెట్టింది.

"పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు పోతాయి కదా. ఏ పిల్ల కాలువ ఏ మడికి పోతోందో పైనుంచి తెలియకపోతే ఏం చేస్తావు?"

"నీళ్ళల్ల రంగు కలుపుత," అన్న.

"మేమూ అంతే. కంటితో చూసింది మెదడులో ఒకచోట దిగుతుంది. అక్కణ్ణించి సన్న సన్న నరాల దారుల్లో ఎక్కడెక్కడికో పోతుంది. ఒకచోట రంగు పెడతాం. అది దారి వెంట పాకుతుంది. పాకడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆ తర్వాత చూస్తాం."

చూసుడంటే ఏందో ఆమె చెప్పలే. కొన్ని దినాలకు నాకే తెలిసింది. ఆ కోతికి ఇగ లేవకుండ మత్తిచ్చి, గుండె కొట్టుకుంటుండంగనే రక్తం కడిగే నీళ్ళు, వాటెనుక మెదడును గట్టిపరిచే మందు ఎక్కిస్తరు. అప్పుడు మెదడు తీసి, ఉల్లిపొర కన్న పల్చగ కోసి, అద్దాల మీద పరిచి చూస్తరు. రంగు ఏ దారిన పోయిందో గీసుకుంటరు. ఒక్క కోతితోని ఒక్క దారే తెలుస్తది. ఇంకో దారి కావాలంటే ఇంకోటి.

మొదటిసారి చూసినంక నేను ఇంటికొచ్చి అన్నం ముట్టలే. పని ఇడిసిపెడ్తనన్న. మా ఆయన అప్పటికి మణుగూరు గనిల పని చేస్తుండె, నీ ఇష్టమన్నడు. ఇయ్యాల రేపనుకుంట ఇడువకనే ఉన్న. రెండేండ్లు కాకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కాలు మెల్లగ తిరిగినయి గని కొత్త యాతన మొదలైంది. కంచంల సగం అన్నమే తినేది. కుడి పక్కది తినేది, ఎడమ పక్క ఏసిన కూర అట్లనే ఉండేది. కూర ఎయ్యలేదేందే అని నా మీద లేసేది. నేను కంచం తిప్పి పెడితే, ఇప్పుడేసినవా అని తినేది. కండ్ల డాక్టరు కండ్లు బాగున్నయన్నడు. నేను పెద్ద డాక్టరమ్మకు చెప్పుకున్న. ఆమె అంతా ఇని, "కన్ను బాగానే ఉంటుంది, లోపల దారి ఒక పక్క తెగింది. ఆ దారులు మాకు ఇంకా పూర్తిగా తెలియవు," అన్నది. తెలిస్తే బాగైతదా అన్న. "ఆయన కాలానికి కాదు," అన్నది. అబద్ధం చెప్పలే. పని ఇడిసిపెట్టుడు మాట నేను మళ్ళ ఎత్తలే. దినాం ఇంట్ల కంచం తిప్పుడు, ఈడ జాలీలు కడుగుడు.

నాతోని పని చేసేటాయన చర్ల అవతలి నుంచి వచ్చినోడు. నా కన్న పెద్దోడు, అన్నా అనేదాన్ని, చెల్లె అనేటోడు. తలపాగ చుట్టి, శనివారమైతే నుదుట సింధూరం పెట్టుకొని వచ్చేటోడు. కోతులు మమ్మల్ని ఓర్చుకునేవి, ఆయననైతే నమ్మేటివి. వాటితోని పరాచికాలాడేది. చుక్కల పరీక్షకు పోను మొండికేసిన దానితోని, పోవే, నేను గూడ బడికి పోకనే గిట్లయిన అనేటోడు.

చుక్కల పరీక్ష చేసేది ఒంటిచెవిది. చిన్నప్పుడు కొట్లాటల ఒక చెవి పోయింది. కుర్చీల కూసోని తెర మీద చుక్కలు చూడాలె, సరిగ్గ చూస్తే గొట్టంల పండ్ల రసం వస్తది. మంచి తెలివిగలది. అన్న కనపడిండా, తెర దిక్కు చూడకపోయేది. రసం కష్టపడితే వస్తది, పల్లీలు ఊకెనే వస్తయని దానికి తెలుసు. పరీక్షప్పుడు ఆయనను ఆ గదుల దిక్కు రావొద్దన్నరు.

చుక్కల పని అయిపోయినంక దానికి ఇగ ఏ పరీక్ష లేదని తీర్మానం చేసిండ్రు. పని చేసి అలిసినయి బతికినన్ని రోజులు కోత లేకుండ ఉండాలని వెనుక పెద్ద జాలి కట్టిండ్రు, లోపల వేప, మామిడి చెట్లు అట్లనే ఉంచి. అన్న దానికి పింఛను బంగ్లా అని పేరు పెట్టిండు. ఒంటిచెవిదాన్ని అందుల ఇడిసిననాడు మామిడి కొమ్మ మీదికెళ్ళి దిగలే. అన్న కింద నిలబడి, నాకన్న ముందు నీకే పింఛనొచ్చెనే, అదృష్టమంటే నీదే అన్నడు. ఆ మనిషి గంత సంబురపడంగ నేను ఎన్నడు చూడలే.

ఆ యేడు ఒక దారి కోసం పెద్ద మగ కోతిని పెట్టిండ్రు. కోత ఉన్ననాటికి ముందుటి పొద్దుగూకినకాడికెళ్ళి మేత బంద్. జాలికి ఎర్ర బోర్డు కడ్తరు. మేము దాన్ని ఒక్కపొద్దు అనుకునేటోళ్ళం. ఎందుకు బంద్ అని మాకెవరు చెప్పలే, మేము గూడ అడగలే. బల్ల ఖరాబు కాకుండ అనుకున్నం. రంగు పెట్టిననాడు అన్న బోర్డు మాట మీద నిలబడ్డడు, దానికి గింజ గూడ పెట్టలే. రంగు పాకే రోజులన్ని అది తింట తిరిగింది. ఆఖరి దినం శనివారం వచ్చింది. అంతకుముందు ఆఖరి దినం పనులు ఇంకో ఆయన చూసేటోడు, ఆయన రిటైరైండు. అన్నకు అదే మొదటిసారి.

పొద్దుగాల నేను గిన్నెలు కడుగుతున్న. పశువుల డాక్టరు, పడుచు పిలగాడు, వచ్చి సూది ఏసిండు. మగ కోతిని బండి మీద పండుకోబెట్టి లోపలికి తీసుకపోయిండ్రు. కొద్దిసేపటికి లోపల ఉరుకులాట ఇనొచ్చింది. తలుపు సందుల నుంచి చూసిన. అది బల్ల మీద కక్కుతున్నది. పశువుల డాక్టరు దాని గొంతుల వేళ్ళు పెట్టి గుంజుతున్నడు. నానబెట్టిన శనగలు. అరటిపండు ముక్క. పెద్ద డాక్టరమ్మ జల్దీ జల్దీ అంటున్నది. ఊపిరి అందక గుండె ఆగింది. మందు ఎక్కిచ్చిండ్రు గని అది పోవాల్సిన చోటికి పోలే. మెదడు తీస్తే ఉడికిన గుడ్డు తెలుపు రావాల్సింది, రక్తం గడ్డలతోని మెత్తగ ఎర్రగ వచ్చింది. దేనికి పనికిరాదన్నరు.

వరండల అందరం నిలబడ్డం. ఎవరు పెట్టారని డాక్టరమ్మ అడిగింది. అన్న ముందలికొచ్చిండు.

"నేనే అమ్మా."

"బోర్డు చూడలేదా?"

"చూసిన."

"మరి?"

"ఇయ్యాల లేవదు గదమ్మా అది. లేవనిదానికి ఉపాసం ఎందుకని. మా ఇంట్ల కోడిని కోసినా గింజలేసి కోస్తం. ఉత్త కడుపుతోని ఎవర్ని సాగనంపొద్దు. గుడి కాడి ప్రసాదం ఉండె, చెయ్యి చాపింది, పెట్టిన."

పశువుల డాక్టరుకు కోపమొచ్చింది. నీ భక్తి మా మూడేండ్ల పనిని మింగిందన్నడు. డాక్టరమ్మ ఆయన దిక్కు తిరిగింది. బోర్డు ఎందుకు కడతామో వీళ్ళకి ఎప్పుడైనా చెప్పావా అన్నది. ఆ పిలగాడు, "బోర్డు పెట్టాను కదా మేడం," అన్నడు. ఇగ ఆడనే నిలబడి చెప్పిండు. మత్తుల కడుపులది పైకొస్తది, మింగుడు తెలువదు, ఊపిరి గొట్టంల పడ్తది. గుండె కొట్టుకుంటుండంగనే మందు పోవాలె, గుండె తోడితేనే అది అన్ని దారులకు చేరుతది.

"నీళ్ళు బంద్ అయినంక కాలువల రంగు పోసినట్టు," అని నేనన్న, ఊరికె నోట్లకెళ్ళి వచ్చింది.

అన్న పశువుల డాక్టరు దిక్కు తిరిగిండు. "గీ మాట నిన్న చెప్తే అయిపోయేది గద సారూ," అన్నడు. కోపంతోని అనలే. పశువుల డాక్టరు చేతులు తుడుసుకుంట లోపలికి పోయిండు. చేతులు అప్పటికే శుభ్రంగ ఉండె.

గంతటితోని అయిపోయిందనుకున్నం. ఆయనను తోట పనికి మారుస్తరేమో అనుకున్న. కొన్ని రోజులకు డాక్టరమ్మ మా ఇద్దర్ని తన గదికి పిలిచింది. కుర్చీలల్ల కూసోమన్నది. ఆ గదిల మేమెన్నడు కూసోలే.

పోయినదాని బదులు ఒకదాన్ని పెట్టుకోవచ్చని పై కమిటీ ఒప్పుకుందంట. ఎదిగినవి, ముందుగాలనే తలకాయ ఫోటోలు తీసి ఉన్నవి ఏమున్నయని చూస్తే ఒక్కటే ఉన్నది.

"దానికి పింఛనిచ్చిండ్రు గదమ్మా," అన్నడు అన్న.

"ఇచ్చాం."

"ఇచ్చినది గుంజుకుంటరా?"

డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ ఒక్క దారి దొరకకపోతే ముందు పోయినవాటి దారులు కూడా సగంలో ఆగిపోతాయి. అవన్నీ ఊరికే పోయినట్టే. నాకు వేరే మార్గం కనపడలేదు పెద్దాయనా. కనపడితే నిన్ను పిలిచేదాన్ని కాదు."

"తప్పు నాది. నన్ను పనిలకెళ్ళి తియ్యుండ్రి. దాన్ని ఒదిలెయ్యుండ్రి."

"నిన్ను తీసేస్తే దారి దొరకదు కదా."

అన్న నా దిక్కు తిరిగిండు. "నువ్వన్న చెప్పు చెల్లె. ఆడిదానివి, నీ మాట అమ్మ ఇంటది."

ఏం చెప్పాలె నేను? ఆ పొద్దు గూడ మా ఆయన ముందల కంచం తిప్పి పెట్టే వచ్చిన. ఒంటిచెవిదాన్ని ఒదలమంటే, ఆ సగం కంచం సంగతి ఎవరికెర్కైతది? పెట్టుకొమ్మంటే, మామిడి కొమ్మ మీదిదాని మొఖం ఎట్ల చూడాలె? ఇప్పుడు అడిగినా ఏది అనాల్నో నాకు తెలువదు.

అన్న లేసి నిలబడ్డడు. "వలేసి పట్టకుండ్రి. భయపడ్తది. నేను పిలుస్త," అన్నడు. పిలిచిండు. కొమ్మ మీదికెళ్ళి సర్రున జారి వచ్చింది. పెట్టె తలుపు తీసి చూపెడితే తనంతట తనే లోపలికి పోయి కూసున్నది, పల్లీలు ఏవి అన్నట్టు చూసుకుంట. రంగు పెట్టే కోత బాగనే అయింది. రంగు పాకిన రోజులల్ల ఆయన దానికి పెట్టని తిండి లేదు. జామకాయలు, తాటి ముంజలు, ఇంటికెళ్ళి జొన్న రొట్టె. గింత మేపకు తాతా, బరువు మారుతది అని పశువుల డాక్టరు అనబోయి ఊకున్నడు.

ఆఖరి దినానికి ముందు పొద్దుగూకంగ అన్న తన చేతులతోనే ఎర్ర బోర్డు కట్టిండు. తెల్లారి నేను వచ్చేసరికి జాలి ముందల పీట ఏసుకొని కూసున్నడు. శనివారమే గని నుదుట సింధూరం లేదు. అన్నా చాయ్ తాగినవా అంటే, లేదన్నడు. నిన్న అన్నం తిన్నవా అంటే, దానికి బోర్డు కట్టినకాడికెళ్ళి ముట్టలే, ఇద్దరికి ఒకటే ఒక్కపొద్దు అన్నడు.

అది జాలీల నుంచి చెయ్యి బయటికి పెట్టింది. అరచెయ్యి చాపి పెట్టుడు దాని అలవాటు. ఆయన ఉత్త చెయ్యి దాంట్ల పెట్టిండు. ఒంటిచెవిది ఆయన వేళ్ళు ఒక్కొక్కటి ఇప్పి చూసింది. ఏం లేదు. రెండో చెయ్యి చూపెట్టిండు, అది గూడ ఇప్పి చూసింది. అప్పుడు ఆయన ముంజేతి మీద వెంట్రుకలు దువ్వుకుంట కూసున్నది, పేలు ఎతికినట్టు. పశువుల డాక్టరు సూది పట్టుకొని వచ్చి జరసేపు తలుపు కాడనే ఆగిండు. అన్ననే అన్నడు, "ఏసెయ్యి సారూ. ఆకలైతున్నది దానికి."

అంతా సరిగనే అయింది. మా సెంటర్ల గంత సక్కగ ఎన్నడు కాలేదన్నరు.

ముక్కలు కోసి, అద్దాల మీద పరిచి, చూసి గీసేసరికి నెలలు పట్టింది. ఆఖరికి అన్ని కోతుల దారులు కలిపి ఒక్క బొమ్మ చేసిండ్రు. ఒక్కో దారికి ఒక్కో రంగు. పెద్దగ అచ్చేయించి, అద్దం కట్టించి వరండల పెట్టిండ్రు. దేశం అవతలికెళ్ళి గూడ మెచ్చుకుంట రాసిండ్రంట. మా ఆయనకైతే దాంతోని ఒరిగిందేం లేదు. ఆఖరిదాక నేను కంచం తిప్పుకుంటనే ఉన్న. డాక్టరమ్మ ముందే చెప్పింది గదా.

బొమ్మ పెట్టిననాడు అన్న దాని ముందల నిలబడి, ఇందుల మనది ఏదమ్మా అని అడిగిండు. డాక్టరమ్మ ఒక నీలం గీత మీద వేలు పెట్టి, తల వెనుక దిక్కుకెళ్ళి పక్కకు, కిందికి, మెల్లగ జరుపుకుంట పోయింది. ఆయన తలపాగ తీసి చంకల పెట్టుకొని ఆ వేలెనుకనే చూసిండు. గీత అయిపోయింది. వేలు ఆగింది. "గింతేనా?" అన్నడు. "ఇంతే," అన్నది ఆమె.

తెల్లారి శనివారం. ఆ అద్దం చట్రం కింద చెక్క మీద ఒక అరటిపండు ఉన్నది. వరండల తిండి తెచ్చుడు మా సెంటర్ల పెద్ద తప్పు. ఊడ్చే ఆమె చీమలు పట్టినయని లొల్లి పెట్టింది. డాక్టరమ్మ వచ్చి చూసి, పండు ముట్టకుండ పక్కకెళ్ళి పోయింది. ఇగ ఎవరు ఏమనలే. ప్రతి శనివారం పండు, ప్రతి సోమవారం చీమలు. అన్న రిటైరై చర్ల దిక్కు పోయిండు. పోయిన కొన్నాళ్ళకే చచ్చిపోయిండని తెలిసింది.

పండు మాత్రం ఆగలే. శనివారం శనివారం వస్తనే ఉన్నది. పెడ్తున్నది నేను కాదు. డాక్టరమ్మ పెడ్తున్నదనుకున్న. ఒక శనివారం నీళ్ళ మోటరు ఏద్దామని ముందుగాల పోయిన. వరండల పశువుల డాక్టరు ఉన్నడు. చెప్పులు ఇడిసి నిలబడి, పండు తొక్క తీసి, చెక్క మీద పెడ్తున్నడు. నన్ను చూసి దొరికిపోయిన పిలగాని తీరు ఆగిండు.

"తొక్క తియ్యొద్దు సారూ," అన్న. "అది తనే తీసుకునేది."

ఆయన ఆ పండు జేబు రుమాలుల చుట్టుకొని పోయి, ఇంకోటి తెచ్చి పెట్టిండు.